సున్నా అంటే అవును, ఇంటూ అంటే వద్దు

ఇయ్యాల సజ్జ మీది ఇనుప పెట్టె సర్దుతుంటే మా అన్న మెమరీ కార్డు దొరికింది. బూడిద రంగుది, అగ్గిపెట్టెంత ఉంటది. యాదికుందా భాయ్, చాంద్రాయణగుట్ట వీడియో గేమ్ దుకాణానికి దీన్ని అంగీ జేబుల పెట్టుకొని పోయేటోళ్లం? అక్కడిది జపాన్ మిషిన్. ఒక్క అక్షరం తెల్వకున్నా మనకందరికీ ఎరుకే, సున్నా బటన్ అంటే అవును, ఇంటూ అంటే వద్దు.

అన్న ఫుట్‌బాల్ ఆటల టీమ్ కట్టి మన గల్లీ పోరగాళ్ల పేర్లన్నీ ఎక్కించి ఈ కార్డులనే దాసిండు. కెప్టెన్ తనే, గోల్‌కీపర్ నేను. ఆ వానకాలమే జ్వరమొచ్చి వారంల పోయిండు.

నెల తర్వాత అమ్మ అడిగింది. "ఆ ఆటల వాని పేరున్నదట గదరా, ఒక్కసారి చూపియ్యి."

పాత కార్డు ఖరాబైతదేమోనని, ముందుగాల ఇంకో కార్డులకు కాపీ చేద్దామని ధూల్‌పేట్ల దోస్తు ఇంటికి పోయిన. కాపీ నొక్కబోయి డిలీట్ నొక్కిన. నిజంగ తీసెయ్యాల్నా అని మిషిన్ అడిగింది. వద్దని ఇంటూ నొక్కిన. దోస్తుది అమెరికా మిషిన్. దాంట్ల ఇంటూ అంటేనే అవును.

ఏడ్సుకుంటనే కొత్త టీమ్ కట్టి, పేర్లన్నీ మళ్ల నేనే కొట్టిన. అమ్మను ఆడికే తోల్కపోయి చూపించిన. సదువు రాని అమ్మ టీవీ అద్దం మీద చెయ్యి పెట్టి, "ఇది వాడు రాసిందేనా?" అని అడిగింది.

"అవునమ్మా" అని చెప్పిన.

ఇయ్యాల గూడ అమ్మ నా చేతిలకెల్లి కార్డు తీసుకొని కొంగుతోని తుడిచింది.

"పైలం బిడ్డా, దాంట్ల వాడున్నడు."