మా బావిలో కళ్లు లేని రొయ్య

రాయచూరు జిల్లా బాళగనూరు పక్కన మాది క్యాంపు. కాలువ కింద పొలాలు కొనుక్కున్న కోస్తా వాళ్ల పల్లెల్ని అక్కడ అలాగే అంటారు. వేసవిలో కాలువ కట్టేస్తే తాగడానికి మామగారు రాయి పేల్పించి తవ్వించిన బావే దిక్కు. ఒకరోజు నీళ్లు వడకట్టిన గుడ్డ మీద నూక గింజంత తెల్లటిది కదిలింది. వేలు పెట్టబోతే తప్పుకుంది. నూకకి కాళ్లెక్కడివి?

"ఛీ, పురుగుల నీళ్లా మనం తాగేది!" అన్నారు అత్తగారు. పారబొయ్యమన్నా వినకుండా గ్లాసులో దాచాను. మా అన్నయ్య రాయచూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. నాకూ ఆ పిచ్చి కాస్త అంటింది.

ఆదివారం వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. ఎంతసేపటికీ తల ఎత్తడే! "దీనికి కళ్లు లేవే. నేల కింద చీకట్లో పుట్టి పెరిగే రొయ్య లాంటిది. ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు" అన్నాడు.

"రొయ్యా? దీనితో ఏం ఇగురు పెట్టమంటావు నాయనా?" అన్నారు అత్తగారు.

నేనూ చూశాను. గాజులాంటి ఒళ్లు, లోపల తిన్న తిండి కూడా కనబడుతోంది. మేం నాగలితో దున్నుతున్న నేల కింద, ఎండంటే ఏమిటో తెలియకుండా ఇవి బతుకుతున్నాయా!

అన్నయ్య దాన్ని స్పిరిట్ సీసాలో వేసి ఒక పెద్ద నిపుణుడికి పంపాడు. కొత్త జాతిలాగే ఉంది, ఒక్కదానితో తేల్చలేం, ఆడా మగా రెండూ కావాలని జవాబొచ్చింది. ఆ మాట చెప్పడానికి బస్సు దిగి పరుగున వచ్చాడు.

మామగారు మీసం దువ్వుకున్నారు. "ఇంకెక్కడి పురుగులయ్యా! నీళ్లలో పురుగుందని మీ చెల్లెలు చెప్పిందనేగా మొన్న రెండు కొరమీనుల్ని వదిలాను. ఒక్కటి మిగిలితే ఒట్టు!"

మా వైపు బావిలో చేపని వదిలితే నీటికి కాపలా అంటారు. అన్నయ్య గట్టు మీద చతికిలబడ్డాడు. "కొంప ముంచారు మావయ్యగారూ" అన్నాడు. ఆ తర్వాత రోజూ గుడ్డ పరిచి వెతికాను. ఒక్కటీ లేదు. లోకంలో ఇంకెక్కడా లేకపోతే? ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అది చూసి మామగారే బావి తోడించడానికి ఆయిలింజను పెట్టించారు. ఇంజను నడిపే రాయచూరాయన నోరెళ్లబెట్టాడు. "ఏందయ్యా, తాగే నీళ్లు గిట్ల పారబోస్తరా? రేపేం తాగుతరు?"

"రేపటి సంగతి రేపు. నా చేపల్ని నేనే పట్టాలి" అన్నారు మామగారు. అడుగు బురదలో దొరికాయి, బాగా బలిసి. ఆ పులుసు నేను ముట్టలేదు.

అన్నయ్యా నేనూ ఖాళీ బావిలోకి దిగాం. అడుగున రాతి పగుల్లోంచి సన్నటి ఊట. దానికి గుడ్డ అడ్డం పట్టుకుని కూర్చున్నాం. కాళ్లు తిమ్మిరెక్కాక ఒక తెల్లటి చుక్క కదిలింది. అద్దం పెడితే పొట్ట కింద గుడ్లు! రాయి అవతల ఎంత నీరుందో, ఎన్ని కాపురాలున్నాయో. ఇన్నాళ్లూ బావి మాదనుకున్నాం.

"ఏమైందే?" పైనుంచి అత్తగారు.

"వచ్చిందత్తయ్యా! గుడ్లతో వచ్చింది!"

ఆవిడ గట్టు మీంచి ఇంకాస్త వంగి, "కడుపుతో ఉన్నదాన్ని సీసాలో వెయ్యొద్దని చెప్పు మీ అన్నకి" అన్నారు.

అన్నయ్య అప్పటికే సీసా మూత తీశాడు. అతనికి కావలసిన ఆడది అదే. నా మొహం చూశాడు, మూత బిగించాడు. "సరే, ఇంకోటి వచ్చేదాకా కూర్చుందాం" అన్నాడు. నేను గుడ్డ తడిపి దాన్ని పగుల్లోకి జారవిడిచాను.

పొద్దువాలేలోపు ఆడవీ మగవీ ఇంకొన్ని వచ్చాయి. అన్నయ్య వాటిని పంపాక కొత్త జాతేనని తేలింది. బావి నిండేదాకా పక్క క్యాంపు నుంచి నీళ్లు మోసి మా భుజాలు కాయలు కాశాయి. నిండాక అత్తగారు నన్ను వడకట్టనివ్వలేదు. తనే వడకట్టి, గుడ్డ తిరగేసి మెల్లగా బావిలోకి దులిపేవారు.

"పదండమ్మా, పదండి, మీ ఇంటికి పదండి."