కొలీ పిల్లల కళ్లు, సెల్వి కన్ను

2005లో నా క్లినిక్ పాండిచ్చేరి సారంలో, ఒక టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉండేది. నేను పశువుల డాక్టర్ని. కుక్కల కళ్లు ప్రత్యేకంగా చూసేవాళ్లు అప్పట్లో మా ఊళ్లో అరుదు కాబట్టి, కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మేవాళ్లు నా దగ్గరికి వచ్చేవారు. ఆప్తాల్మోస్కోప్ అనే చేతి పరికరంతో కంటి లోపలికి వెలుగు పంపి వెనుక గోడను చూస్తాం. ఆ గోడమీది పొరే రెటీనా. చూపు అక్కడ తయారవుతుంది. ముందు కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దది అయ్యేదాకా చీకటి గదిలో కూర్చోవాలి. ఇదంతా తేలిక. చూసింది యజమానికి చెప్పడమే కష్టం.

చదువుకునే రోజుల్లో నేను సంస్కరణ సభల్లో తిరిగినవాణ్ణి. జాతకాల మీద, ముహూర్తాల మీద మైకు పట్టుకుని గొంతు చించుకున్నవాణ్ణి. మైకు ముందు గెలవడం సులభం. ఎదుటివాడికి తిరిగి మాట్లాడే వంతు రాదు. మనిషి ఇంటి వరండాలో, వాళ్లిచ్చిన కాఫీ తాగుతూ గెలవడం నాకు చివరిదాకా చేతకాలేదు.

లాస్‌పేటలో సరోజక్క ఉండేది. తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. ఆమె దగ్గర డాలీ అనే ఆడ కొలీ ఉండేది. కొలీ అంటే పొడుగు మూతి, ఒళ్లంతా జూలు ఉన్న చలిదేశపు జాతి. మా ఉక్కపోతలో దాన్ని పెంచడమే ఒక శిక్ష, కానీ ఆమె దాన్ని ఫ్యాను కింద పెట్టుకుని పిల్లలా సాకేది. డాలీ మొదటి ఈతలో పుట్టిన రాజాను అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకుంది. ఏడాది తిరక్కముందే రాజా గోడలకు గుద్దుకోవడం మొదలుపెట్టింది. నా దగ్గరికి తెచ్చారు. రెండు కళ్లలోనూ రెటీనా ఊడిపోయి పరదాలా వేలాడుతోంది.

"ఇది కొలీ ఐ అనామలీ అక్కా. ఈ జాతిలో పుట్టుకతో వచ్చే కంటి లోపం. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. చాలా పిల్లల్లో చిన్న మచ్చతో ఆగిపోతుంది. కొన్నిట్లో ఇలా అవుతుంది."

"పుట్టినప్పుడు బాగానే ఉన్నింది గదా తంబీ! ఆ చేపల సెల్వి పెరట్లోకి వచ్చి 'అబ్బ, ఏం కళ్లు!' అనింది. ఆ పొద్దే కన్ను పడింది."

"కన్ను వెలుగును లోపలికి తీసుకునే అవయవం అక్కా. బయటికి ఏమీ పంపదు."

"అట్లనా? రాత్రి టార్చి వేస్తే కుక్క కన్ను భగ్గున మెరుస్తాదే, అది ఏంది మరి? లోపలికి పోయేదా, బయటికి వచ్చేదా?"

ఆమె టార్చి వెలుగే వెనక్కి తిరిగి వస్తుందని, కుక్క కంట్లో అద్దంలాంటి పొర ఉంటుందని బొమ్మ గీసి చూపించాను. బొమ్మ బాగుందని మెచ్చుకుంది.

వారం తరవాత సెల్వి నా క్లినిక్ మెట్లెక్కి వచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న జాలరి పేట వైతికుప్పం మనిషి, గంప నెత్తిన పెట్టుకుని లాస్‌పేట వీధుల్లో చేపలు అమ్మేది. బల్లకు దూరంగా, తల వంచుకుని నిలబడింది. నా ముఖం చూడటం లేదు.

"డాక్టరయ్యా, నా కన్ను పరీక్ష చేయండి," అంది తమిళంలో.

"నేను కుక్కల డాక్టర్నమ్మా."

"కుక్కను గుడ్డి చేసిన కన్నే గదా, మీరే చూడాలి." నవ్వబోయింది, నవ్వు రాలేదు. సరోజక్క మాట వీధంతా పాకిందట. వీధి దాటి పేటకూ చేరిందట. సెల్వి కోడలు కాన్పుకు పుట్టింటికి పోయి, మగబిడ్డను కన్నది. ఆ పుట్టింటివాళ్లు సెల్విని గుమ్మం దగ్గరే ఆపేశారు. "కొడుకు బిడ్డయ్యా. ఏడుపు వినబడింది. ముఖం చూడనివ్వలేదు. వాళ్లు చెప్పేదీ నిజమేమో అని నాకే అనుమానం. అద్దంలో కూడా చూసుకోవడం మానేశాను."

నాకు ఒళ్లు మండింది. గుడ్డి నమ్మకం ధర బీదవాళ్ల దగ్గరే వసూలు అవుతుంది. సరోజక్క కంటికి దిష్టి ఉందని ఆ వీధిలో ఎవరూ అనరు. గంప మోసే ఆడదాని కంటికే ఉంటుంది.

డాలీ మళ్లీ ఈనిందని, ఆ పిల్లల్ని బయటివాళ్లకు చూపడం లేదని నాకు తెలుసు. సెల్వితో అన్నాను: "ఆ పిల్లల కళ్లు నేను చూస్తాను. ఎవరూ చూడని పిల్లల్లో కూడా లోపం ఉందని తేలితే, నీ మీద మాట నిలవదు. ఆ రోజు నువ్వు గేటు దగ్గర ఉండు."

ఈ పరీక్షకు ఒక చిక్కు ఉంది. పిల్లలకు ఆరేడు వారాల వయసులో చేయాలి. ఆ తరవాత కంటి లోపల రంగు పొర పెరిగి చిన్న మచ్చల్ని కప్పేస్తుంది. కన్ను శుభ్రంగా కనబడుతుంది, లోపం మాత్రం రక్తంలో ఉండి తరవాతి ఈతకు పోతుంది. గో నార్మల్ అంటారు దాన్ని. సరోజక్క ఇంటి ఆచారం చూస్తే సరిగ్గా దానికి అడ్డం. రాజా సంగతి తరవాత, మూడు నెలలు నిండేదాకా పిల్లల్ని పరాయి మనిషికి చూపించకూడదని గట్టిగా పెట్టుకుంది. లోపం కనబడే రోజులన్నీ ఆ తలుపు వెనకే గడిచిపోతాయి.

వెళ్లి అడిగాను. ఒప్పుకోలేదు. రెండోసారి వెళ్లాను. రాజా నా అడుగుల చప్పుడు విని లేచి, కుర్చీకి తగులుకుని ఆగిపోయింది. సరోజక్క ఆ కుర్చీని దాని దారిలోంచి పక్కకు లాగింది.

"ఇంకోటి ఇట్లా అయితే నేను తట్టుకోలేను నాయినా. సరే, చూడు. యాడ చూస్తావు?"

"చీకటి గది కావాలి."

"చీకట్లోనా?" ముఖం తేటపడింది. "చీకట్లో కన్ను పడదులే!"

పిల్లల నొసళ్లన కాటుక పెట్టింది. ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి, నా చేత మూడుసార్లు ఉమ్మించింది. సభల్లో నా మాటలకు చప్పట్లు కొట్టినవాళ్లు చూసి ఉంటే ఏమనేవారో! ఉమ్మాను. నాకు ఆ కళ్లు కావాలి.

అయిదు పిల్లలు. స్టోరు గదిలో, బియ్యం మూటల మధ్య, ఆమె ఒక్కొక్కదాన్నీ పట్టుకుంది, నేను చూశాను. మూడింటి కళ్లలో చూపు నరం పక్కన పాలిపోయిన మచ్చ. నేను ఎదురుచూసిందే. బయటికి వచ్చాం. గేటు అవతల సెల్వి గంప దించుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఈ పిల్లల్ని ఇంతవరకు బయటివాళ్లెవరూ చూడలేదు కదా?"

"కాకికి కూడా చూపలేదు."

"సెల్వి చూసిందా?"

"గేటు దాటితే కాళ్లు ఇరగ్గొట్టనా!"

"అయినా మూడింటికి మచ్చ ఉంది. మరి ఎవరి కన్ను పడింది?"

ఇది సభల్లో నేర్చుకున్న ఎత్తు. ఎదుటివాడి నోటితోనే దారులన్నీ మూయించి, చివరి ప్రశ్న వేయడం. సరోజక్క ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. తరవాత నా వైపు మెల్లగా తిరిగింది.

"నువ్వు చూసినావే."

ఆప్తాల్మోస్కోప్ ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని ఆమె వేలుపెట్టి చూపించింది.

"రాజాకు మొదటి సూది వేసిందీ నువ్వే. అప్పుడు కూడా 'మంచి పిల్ల' అన్నావు. రెండు తూర్లూ నీ కన్నే తంబీ! అయ్యో, ఆ సెల్విని ఉత్త పుణ్యానికి ఆడిపోసుకుంటిని గదా!"

జవాబు నాలుక చివర ఉంది. ఆ మచ్చ తల్లి కడుపులోనే ఏర్పడుతుంది, చూపుతో పుట్టదు. నోరు తెరిచాను. అప్పటికే ఆమె గేటు దగ్గరికి నడుస్తోంది.

"ఏ సెల్వీ, ఆడ కూర్చున్నావేంది? లోపలికి రా. వంజరం చేప ఉండాదా?"

సెల్వి గంప ఎత్తుకోలేక ఎత్తుకుంటోంది. నేను నోరు మూసుకుని పరికరాల పెట్టె సర్దుకున్నాను. వెళ్లే ముందు ఒక్కటే చెప్పాను: "డాలీకి ఇక క్రాసింగ్ చేయించవద్దు అక్కా." ఆమె నా కళ్లలోకి చూడకుండా తల ఊపింది.

మూడు నెలలు నిండాక పిల్లల్ని వేరే డాక్టరుకు చూపించారు. కళ్లు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఉంటాయి, రంగు పొర కప్పేసింది. నా దిష్టి తీయించినందువల్లే మచ్చలు పోయాయని సరోజక్క వీధంతా చెప్పింది. మరుసటేడు డాలీ మళ్లీ ఈనిందని విన్నాను. నన్ను పిలవలేదు.

కొన్నాళ్లకు సారం బజారులో సెల్వి ఎదురైంది. చంకలో మనవడు. తల ఎత్తి నడుస్తోంది, నవ్వుతోంది. నన్ను చూడగానే ఆగింది. చేయి దానంతటదే కదిలి, పైట కొంగు బిడ్డ ముఖం మీద కప్పింది.

"తప్పుగా అనుకోవద్దు డాక్టరయ్యా," అంది, సిగ్గుపడుతూ. "మీ గురించి నాకు తెలుసు. అయినా... పసిబిడ్డ గదా."

"ఉండనీ అమ్మా," అని నేనే పక్కకు తిరిగాను. అరటిపళ్ల బండి వైపు చూస్తూ నిలబడ్డాను, ఆమె దాటిపోయేదాకా.

ఒక మనిషి మీది నింద తీయవచ్చని ఆ కేసులో నేర్చుకున్నాను. నిందనే లేకుండా చేయలేకపోయాను. అది ఇంకొకరి మీదికి పోయి కూర్చుంది. మోయడానికి నా భుజం సెల్వి భుజం కంటే గట్టిది కాబట్టి ఆ రోజు గేటు దగ్గర ఊరుకున్నాను. ఈ రోజుకీ ఆ జవాబు నా నాలుక చివరే ఉంది. ఎవరైనా కూర్చుని వింటామంటే, బొమ్మ గీసి మరీ చెబుతాను.