చివరి అంకె

ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేస్తాడు. రంగు అద్దిన కొత్త పట్టు వస్తే, పాత పోగు పక్కన పెట్టి ఎండలో చూసుకోనిదే మగ్గమెక్కించడు. అద్ది ఇచ్చినవాడు ఎంత నమ్మకస్తుడైనా సరే. సాఫ్ట్‌వేర్ పనిలో నాకున్న జాగ్రత్తంతా అక్కడ నేర్చుకున్నదే.

హిందూపురంలో నేనూ, నాతో చదువుకున్న స్నేహితురాలూ ఒక చిన్న గది తీసుకుని, చీర డిజైన్‌ను మగ్గం మీది మిషన్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్ రాశాం. అంతా మేమే రాయలేదు. బొమ్మను కుదించే పని, ఊరూ పేరూ తెలియనివాళ్లెవరో ఉచితంగా పెట్టిన టూల్ చేస్తుంది. దాని వెర్షన్ 4.2.1. ఆ నంబరు మార్చాలంటే ముందు మా నాయన మగ్గం మీద జానెడు నేసి చూడాలని ఇద్దరం ఒట్టేసుకున్నంత పని చేశాం. డిజైన్ కోసం రంధ్రాలు కొట్టిన అట్టలతో ముప్పై ఏళ్లు నేసిన మనిషి, నా మాట మీద అవి తీసేసి మిషన్ పెట్టుకున్నాడు మరి.

ఒకరోజు ఫోన్ చేసి, "ఏమ్మా, అంచులో హంసకు ముక్కు మొండిగా పడతాండాదే" అన్నాడు. డిజైన్ తెరిచి చూశాను. ముక్కు గీత చక్కగా ఉంది. "మిషన్ తప్పు చేయదు నాయనా" అని పెద్ద తెలిసినదానిలా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా స్నేహితురాలు ఫోన్ లాక్కుని, "మామా, ఒకసారి కండ్లు చూపించుకో. వయసైతాండాది గదా" అంది. ఎంత ప్రేమగా అందో!

నేసింది విప్పి మళ్లీ నేశాడట. మళ్లీ అదే ముక్కు. ఆదివారం నేను ఇంటికెళ్తే, నాయన చొక్కా జేబులో పెనుకొండ కంటి డాక్టరు చీటీ కనిపించింది. ధర్మవరంలో చూపించుకుంటే చూపు తగ్గిందన్న మాట షావుకారి చెవిన పడుతుందని, ఆయన పట్టు ఇవ్వడం మానేస్తాడని, బస్సెక్కి అంతదూరం పోయాడు.

"ఇంగ నేసేది చాలిస్తానేమోమ్మా" అన్నాడు, మగ్గం వైపు చూడకుండా.

సోమవారం గదిలో కూర్చుని, ప్రోగ్రామ్‌లో ఎవరు ఏం మార్చారో ఒక్కొక్కటే వెనక్కి చూశాను. 4.2.1 కాస్తా 4.2.2 అయింది. మార్చింది నా స్నేహితురాలు. కింద తనే రాసుకుంది: కుదిస్తే సన్న గీతలు పోతున్నాయి, తర్వాత చూడాలి. నాయన ఫోన్ చేయడానికి రెండు రోజుల ముందు రాసిన మాట అది.

"తెలిసే మా నాయనను కండ్లు చూపించుకోమన్నావా?" అని అడిగాను.

"చెప్తే గొడవ చేస్తావని చెప్పలే. సివరంకె ఒగటే గదమ్మే మారింది. ఏం గాదులే అనుకుంటి."

చివరి అంకె మారినంత మాత్రాన పనితీరు మారదని ఆ టూల్ రాసినవాళ్లు చెప్పుకుంటారు. వాళ్లు నాకేమీ కారు, వాళ్ల మీద కోపం నిలవలేదు. ఈమె మా ఇంట్లో, నాయన పక్కన కూర్చుని తిన్న మనిషి. తన తప్పు బయటపడకూడదని ఆయన చూపు మీదికి తోసేసింది. నంబరు పాతదే పెట్టి, గది తాళం ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

హంసకు మళ్లీ ముక్కు వచ్చింది. తప్పు ఎవరిదో నాయనకు విడమరిచి చెప్పాను. "అట్లనా" అన్నాడు, అంతే. నీ కండ్లు బాగున్నాయి నాయనా అంటే తల ఊపాడు.

ఇప్పుడు మూరెడు నేసిన ప్రతిసారీ మగ్గం ఆపి, వంటింట్లో ఉన్న అమ్మను పిలుస్తాడు.

"ఇట్ల వచ్చి చూడు. ముక్కు ఉండాదా?"