నాలుగు కొబ్బరి చిప్పల తనిఖీ

ఊరి వీధుల్ని శుభ్రం చేయించడానికి బయల్దేరి, ఆ వీధుల్నే చెత్తలో ముంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అక్కడితో ఆగినా బాగుండేది. నిలువనీడ లేక ఒక చోట చేరిన వాళ్లని, ఆ ఒక్క నీడలోంచీ రోడ్డు మీదికి తరిమాను కూడా. ఇదంతా ఎవరి మీదో కక్షతో చేసింది కాదు. పూర్తి శ్రద్ధతో, ఎంతో ముందుచూపుతో చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ వచ్చేది అందుకే.

మా ఊరి పేరు చెప్పను. నిడదవోలులో బస్సెక్కితే కునుకు పట్టేలోపు వచ్చేస్తుంది, అంతవరకే. ఏళ్ల తరబడి లెక్కల టీచరుగా పనిచేసి, రిటైరవ్వగానే కౌన్సిలర్‌గా నెగ్గాను. వీధుల పారిశుద్ధ్యాన్నీ, నిరాశ్రయుల వసతి గృహాన్నీ చూసుకునే కమిటీకి నన్నే పెద్దని చేశారు. నా ప్రతిభని ఇంత త్వరగా గుర్తించారే అని మురిసిపోయాను. ఆ కమిటీ మాకొద్దంటే మాకొద్దని మిగతావాళ్లంతా పారిపోయారన్న సంగతి చాలా కాలానికి గానీ తెలియలేదు.

నెలనెలా నా ముందుకి ఒక రిపోర్టు వచ్చేది. "అన్ని వీధులు ఉదయం ఏడు గంటలలోపు ఊడ్వబడుచున్నవి. కార్మికులకు చేతి తొడుగులు ఇవ్వబడినవి. వసతి గృహము పరిశుబ్రముగా నున్నది." ప్రతి నెలా అవే మూడు వాక్యాలు. ఆ 'పరిశుబ్రము'లో ఒత్తు కూడా ప్రతి నెలా అలాగే ఎగిరిపోయి ఉండేది. కాపీ కొట్టిన కాగితాన్ని పట్టుకోలేకపోతే నేనేం టీచర్నండీ?

"వీళ్లకి ఒక పరీక్ష పెడతానండీ," అన్నాను మా ఆయనతో.

"పరీక్షెందుకు సుగుణా? ఊడుస్తున్నారో లేదో, వెళ్లి ఆ ఊడ్చేవాళ్లనే అడగొచ్చుగా?"

"ప్రశ్నపత్రం ముందే చూపించి పరీక్ష పెడతారేంటండీ ఎవరైనా?"

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మా ఇంట్లో చర్చ ముగిసిందనడానికి అదే గుర్తు.

ఇక నా పథకం వినండి. గుర్తు పెట్టిన చెత్తని నాలుగుచోట్ల నేనే వేస్తాను. ఎనిమిదింటికి వెళ్లి చూస్తాను. ఉంటే ఊడ్వనట్టు, లేకపోతే ఊడ్చినట్టు. ఎంత చక్కటి లెక్క! చెత్త కోసం పెరట్లోంచి నాలుగు కొబ్బరి చిప్పలు తెచ్చాను. నావేనని తెలియడానికి గేటుకి వెయ్యగా మిగిలిన ఎర్ర పెయింటుతో ఒక్కోదాని మీద పెద్ద ఇంటూ గుర్తు కొట్టి, చుట్టూ సున్నా చుట్టాను. ఉత్త చిప్పలైతే అనుమానం వస్తుంది కదా, అందుకని ముందురోజు మిగిలిపోయిన నిమ్మకాయ పులిహోర తలా కాస్త పెట్టాను. పచ్చగా, నిండుగా, ఎండుమిరపకాయలతో సహా. సహజంగా ఉండాలని పిండేసిన నిమ్మచెక్కలు కూడా తలొకటి గుచ్చాను.

మీరు నవ్వుతున్నారు. నాకు తెలుసు. మీకప్పుడే అర్థమైపోయింది. నాకు మాత్రం కాలేదు. పైగా వాటిని పెట్టడానికి ఎంచుకున్న చోట్లు చూడండి: మూడు చోట్ల మూడు రోడ్ల కూడళ్లు. ఇద్దరు మనుషుల హద్దులు కలిసేచోటే పని వదిలేస్తారని నా అనుభవం. నాలుగోది వసతి గృహం గేటు ముందు. ఇంకో మాట. ఆ రోజు అమావాస్యట. మా ఇంట్లో గోడకి ఉండేది చర్చి క్యాలెండరు. దాన్లో ఆదివారాలే తప్ప అమావాస్యలుండవు.

తెల్లవారుతుండగా వెళ్లి, వంగి, ఒక్కొక్కటీ జాగ్రత్తగా నేల మీద పెట్టి వచ్చాను. ఎనిమిదింటికి వెళ్లి చూద్దును కదా, నాలుగుకి నాలుగూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి! పట్టలేని ఆనందంతో ఇంటికొచ్చి, కమిషనర్ గారికి రెండు పేజీల ఘాటైన ఉత్తరం రాశాను.

మర్నాడు లేచేసరికి మా వీధే కాదు, పక్క వీధీ, దాని పక్క వీధీ చెత్తతో నిండి ఉన్నాయి. అరటి డొప్పలు, పాలపాకెట్లు, చేపల పొలుసులు. కుక్కలకి పెళ్లి విందు. పళ్లు కొరుకుతూ మునిసిపల్ ఆఫీసుకి పరుగెత్తాను. కమిషనర్ గారి గదిలో అప్పటికే పారిశుద్ధ్య మేస్త్రీ చిట్టెమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక వరండా నిండా చీపుళ్లు పట్టుకుని ఆడవాళ్లు.

"రండి మేడమ్, సమయానికొచ్చారు," అన్నారు కమిషనర్ గారు. "వీళ్లు మీ వార్డులో కాలు పెట్టం అంటున్నారు."

"ఎందుకు పెట్టరు? ఏంటమ్మా చిట్టెమ్మా ఇది?"

"ఎవరో చేతబడి చేశారండి," అంది చిట్టెమ్మ. "అమావాస్య పూటండి. మూడు కూడళ్లలోనూ పెట్టారండి. రక్తంతో గీసి మరీ పెట్టారండి."

"రక్తమా!" అని నేను గుండె మీద చెయ్యేసుకున్నాను. మనస్ఫూర్తిగానే. నా వార్డులో ఇంత ఘోరమా అని ఒళ్లు జలదరించింది. "దేనిమీద గీశారమ్మా?"

"కొబ్బరి చిప్పల మీదండి."

గుండె మీదున్న చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"లోపల పసుపన్నమండి. నిమ్మచెక్కలండి. మిరపకాయలండి. ఎంత పగ ఉంటే అలా చేస్తారండి?"

ఆ క్షణంలో చెప్పెయ్యాలి. చెప్పెయ్యవలసింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా కమిషనర్ గారు, "ఇది మీ కమిటీ పరిధి మేడమ్. ఈ పని చేసిందెవరో మీరే తేల్చాలి," అన్నారు. తెరిచిన నోట్లోంచి, "తప్పకుండా. అలాంటి దుర్మార్గుల్ని వదిలేది లేదు," అన్న మాట వచ్చింది. అది నా గొంతేనా అని నేనే అదిరిపడ్డాను.

అంతలో నా ఫోను మోగింది. వసతి గృహం మేనేజరు వీర్రాజు.

"మేడమ్, మన గేటు ముందు కూడా పెట్టారండి. మొత్తం అందరూ మూటలు సర్దుకుని వెళ్లిపోయి బస్టాండులో కూర్చున్నారండి. రమ్మంటే రావట్లేదండి. ముసలాళ్లండి, ఎండండి."

కమిషనర్ గారి జీపులో వెళ్లాం. వెనక చీపుళ్ల దండు. బస్టాండు గట్టు మీద, మూటల మధ్య వరసగా కూర్చుని ఉన్నారు వాళ్లు. అప్పాయమ్మ అనే ముసలావిడ కొంగు నెత్తిన వేసుకుని నావైపే చూస్తోంది.

"ఎవరు పెట్టారో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు కమిషనర్ గారు.

"నేను చూశానండి," అంది అప్పాయమ్మ.

"చూశావా! మరి నిన్నే చెప్పలేదేంటి?"

"ఎవరడిగారండి? మమ్మల్ని ఎవరడుగుతారండి?" అని, తాపీగా చెయ్యెత్తి నన్ను చూపించింది. "ఈ తల్లేనండి. వొంగుని, బిడ్డని పడుకోబెట్టినట్టు ఎంతో పద్ధతిగా పెట్టింది. పాపం ఎంత కష్టం వచ్చిందో అనుకున్నానండి."

ఊరు ఊరంతా నావైపు తిరిగినట్టనిపించింది. చెప్పేశాను. రిపోర్టు, పరీక్ష, పెయింటు, అన్నీ.

చిట్టెమ్మ ముందుకొచ్చింది. "అయితే అది పులిహోరండీ?"

"పులిహోరేనమ్మా."

"నిమ్మకాయ పులిహోరండీ?"

"అవునమ్మా."

కమిషనర్ గారు గోడవైపు తిరిగారు. ఆయన భుజాలు కదలడం అందరికీ కనిపిస్తోంది. చిట్టెమ్మ మాత్రం నవ్వలేదు. "చేతికి తొడుగులుంటే ఆ రోజే తీసి పారేద్దుమండి. ఉత్త చేతుల్తో అలాంటివి ఎలా ముట్టుకుంటామండి? తొడుగులు మొహం చూసి రెండేళ్లయిందండి."

గోడవైపు కదులుతున్న భుజాలు ఆగిపోయాయి. నాకు అసలు దిగ్భ్రాంతి అప్పుడు కలిగింది. నెలనెలా నేను సంతకం పెట్టిన కాగితంలో అవి ఇచ్చేసి ఉన్నాయి.

నేనే వసతి గృహానికి వెళ్లి గేటు ముందున్న చిప్పని ఉత్త చేత్తో ఎత్తాను. వెంట వచ్చిన జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. చీమలు అప్పటికే పులిహోర అంతా తినేశాయి. ఊరు మొత్తానికి భయం లేనివి అవొక్కటే. మిగతా మూడూ కూడా నేనే తీశాను. చిట్టెమ్మ వాళ్లు చీపుళ్లు అందుకున్నారు. అప్పాయమ్మ మాత్రం బస్టాండు గట్టు మీంచి లేవలేదు.

"ముందు నువ్వెళ్లి కాసేపు కూర్చునిరా తల్లీ. నీకేం కాకపోతే మేం వస్తాం."

వసతి గృహంలోకి వెళ్లి కూర్చున్నాను. పంకా తిరగలేదు. స్నానాలగది తలుపుకి గడియ లేదు. నీళ్ల బిందె అడుగున నాచు. పావుగంటలో చెమటతో తడిసి బయటికొచ్చాను. 'పరిశుబ్రము'లో ఎగిరిపోయింది ఒత్తొక్కటే కాదని తెలిసింది.

తర్వాతి కౌన్సిల్ మీటింగులో రెండు తీర్మానాలు పెట్టాను: కార్మికులకి తొడుగులు, వసతి గృహానికి మరమ్మతులు. దేనికైనా అడ్డుతగిలే కౌన్సిలర్ ఒకాయన ఉన్నారు మాకు, సూర్యనారాయణ గారని. 'సభ ప్రారంభించబడినది' అన్నా అభ్యంతరం చెప్పే మనిషి. పెద్ద యుద్ధమే జరుగుతుందనుకుని కాగితాలన్నీ సిద్ధం చేసుకెళ్లాను. చదవడం పూర్తి కాకముందే అన్ని చేతులూ లేచాయి. అందరికన్నా ముందు లేచింది సూర్యనారాయణ గారిదే. నిశ్శబ్దంగా, ఏకగ్రీవంగా, క్షణంలో అయిపోయింది. నిజం మనుషుల మనసుల్ని ఎంత మార్చిందో అని నాకు కళ్లు చెమర్చాయి.

బయటికొస్తుంటే ఆయనే వరండాలో నా పక్కకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు:

"మేడమ్, పులిహోర అని మీరేదో చెప్పారంట. సరేలెండి, బయటికి అలాగే చెప్పుకోవాలి. ఇకమీదట మీరేం తీర్మానం పెట్టినా నా చెయ్యి లేచే ఉంటుందండి. మా గుమ్మం వైపు మాత్రం రాకండి. పిల్లలు గలవాణ్ణి."

కనక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతకాలం ఏ కూడలిలోనూ వంగను. కాలికి ముల్లు గుచ్చుకున్నా సరే, కుంటుకుంటూ కూడలి దాటి, నలుగురూ చూస్తుండగా, పట్టపగలు, ఇదిగో ముల్లు అని అందరికీ చూపించి మరీ తీసుకుంటాను.