అప్పలరాజు ముడి వెయ్యని కట్టు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో అప్పలరాజు వేసిన ముడి తనంతట తాను ఊడిన దాఖలా లేదు. ముప్పయ్యేళ్ళుగా బోటు నడిపే సరంగు. తుఫాను కబురు రాగానే పక్క బోట్ల వాళ్ళు కూడా వచ్చి, "బావా, మా మోకు కూడా ఓపాలి సూడవా?" అంటారు. అడిగితే చాలు, మనిషి ఉబ్బిపోతాడు. తాడు బిగించి ఊరుకుంటాడా అంటే అదీ లేదు, ముడుల మీద ఓ గంట పాఠం చెప్పి గానీ వదలడు.

అతని భార్య నూకాలు మాత్రం నాలుగేళ్ళుగా జెట్టీ మొహం చూడలేదు. ఎడమది బోదకాలు. మోకాలి కిందంతా వాచిపోయి చెప్పు కూడా పట్టదు. వీధి చివర చేపల బుట్ట ముందు కూచున్నా, కుచ్చెళ్ళు కాలి మీదకి లాక్కుని, కొనేవాళ్ళు వెళ్ళిపోయేదాకా లేవదు. పెళ్ళయిన కొత్త నుంచీ బోటు వేటకి బయల్దేరినప్పుడల్లా గట్టు మీది ఇనుప దిమ్మకున్న తాడు విప్పింది ఆవిడే. సరదాగా మొదలైంది గానీ, రానురాను ఆవిడ విప్పకపోతే అప్పలరాజుకి ఇంజను స్టార్ట్ చెయ్యబుద్ధయ్యేది కాదు. కాలు వాచాక ఎవరో ఒకరు విప్పుతున్నారు. అప్పటి నుంచి అతను గట్టు వైపు తిరిగి చూడటం మానేశాడు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలవగానే, సిగ్గుపడుతున్న మనిషిని బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు నెలలు తను ఇంటిపట్టునే ఉంటాడు. జూన్ నడిమికి మళ్ళీ సముద్రం. ఆలోగా కాలు తగ్గాలి, నూకాలు వచ్చి తాడు విప్పాలి. అతనికి కావలసింది అదొక్కటే.

అక్కడ కాళ్ళకి కసరత్తులూ కట్లూ చూసే అమ్మాయి జ్యోతిర్మయి. కాలు ఎలా కడగాలో, వేళ్ళ సందులు ఎలా తుడవాలో, కట్టు ఎలా చుట్టాలో ఓపిగ్గా చూపించింది. మొదటి రెండూ శ్రద్ధగా విన్న అప్పలరాజు, కట్టు దగ్గరికొచ్చేసరికి నవ్వేశాడు.

"కట్టడం నాకు నేర్పుతావేటమ్మా?"

ఇంటికెళ్ళి తన పద్ధతిలో కట్టేశాడు. పాదం దగ్గర వదులుగా మొదలెట్టి, పైకి పోయినకొద్దీ బిగిస్తూ, మోకాలి కింద తుఫానుకి కూడా చలించని ముడి ఒకటి బిగించాడు. నూకాలు నొప్పంటే, "బిగువు నేకపోతే నీరెలా దిగుతాదే?" అని కసిరాడు. మర్నాటికల్లా పాదం బూరెలా పొంగింది, వేళ్ళు వంకాయలయ్యాయి.

పరుగున ఆసుపత్రికి తీసుకెళ్తే జ్యోతిర్మయికి ఆ ముడి విప్పడం చేతకాలేదు. కత్తెరతో కోసింది. తన ముడిని కత్తెరతో కోయడం అప్పలరాజు జన్మలో అదే మొదటిసారి. పాపం, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ పిల్ల తిట్టలేదు. కాగితం తీసి మనిషి బొమ్మ గీసింది.

"బాబాయ్, ఒంట్లో నెత్తురు దారి ఒకటే కాదు, ఇంకోటుంది. కండల సందుల్లో మిగిలిన నీరుని సన్న గొట్టాలు పైకి మోసుకెళ్తాయి. ఆ నీటిని లింఫు అంటాం. దీన్ని తొయ్యడానికి గుండెకాయ లేదు. మనం నడిస్తే కండ నొక్కుతుంది, గట్టిగా ఊపిరి తీస్తే కడుపు లాగుతుంది. అలా కొంచెం కొంచెం ఎక్కుతుంది. మధ్యలో చిన్న తలుపులుంటాయి, వెనక్కి జారనివ్వవు."

"ఎక్కి ఎక్కడికెల్తాది?"

"ముందు గజ్జల్లో బిళ్ళలకి. అక్కడ వడపోత. తరవాత పొట్టలోకి, అక్కణ్ణించి వెన్ను ముందున్న పెద్ద గొట్టంలో గుండెల మీదుగా పైకి. చివరికి మెడ కింద ఎడమ పక్క నెత్తుట్లో కలుస్తుంది."

"ఓలమ్మో, కాల్లో నీరు మెడకాడికెల్తాదా!" నూకాలు మెడ తడుముకుంది. "మరి కుడికాలిది?"

"అదీ ఎడమ పక్కకే, పిన్నీ. కుడి చెయ్యి, తలలో కుడి సగం, రొమ్ము కుడి పక్క, వీటికి మాత్రం కుడివైపు వేరే దారి. నీకు దోమకాటుతో చేరిన పురుగులు ఈ కాలి దారిని పాడు చేశాయి. పురుగులకి మందిచ్చాం. దారి మునుపటిలా అవదు గానీ, మిగిలిన దారుల్లో నీటిని నడిపించొచ్చు. బాబాయ్ పైన తలుపేసి కింద తొయ్యకపోతే."

ఆ పిల్ల నూకాలు మెడ దగ్గర మొదలెట్టి, తరవాత గజ్జలు, తొడ, ఆఖర్న పాదం, చర్మం కదిలేంత తేలిగ్గా చేత్తో రాస్తుంటే అప్పలరాజు చూస్తూ కూచున్నాడు. ఉన్నట్టుండి లేచాడు.

"తెలిసిందమ్మా! జెట్టీకాడ బోట్లు పక్కపక్కన వరసగా కట్టేత్తాం. బయటిది కదిల్తేనే లోపలిది కదుల్తాది. లోపలిదాన్ని ముందు తోత్తే ఏటవుతాది? గుద్దుకుంతాది!"

"అదే బాబాయ్. ముందు పైన ఖాళీ చెయ్యాలి."

ఆ రోజు నుంచి చూడాలి ఆయన్ని. వలలు బాగుచేసే చేతులతో పొద్దున్నే పెళ్ళాం మెడ నిమురుతుంటే వాకిట్లోంచి పోయేవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఖాతరు చెయ్యలేదు. పాదం దగ్గర బిగువు, పైకి పోయేకొద్దీ వదులు, చివర ముడి లేదు, ప్లాస్టరు ముక్కతో సరి. నైలాన్ దారంతో ప్రతి ఆదివారం పిక్క చుట్టు కొలిచి ముడి వేసేవాడు. ముడి ముడికీ కొలత తగ్గుతూ వచ్చింది. మే నెలాఖరుకి పాత చెప్పు పట్టింది. నూకాలు ఆ చెప్పు పట్టుకుని ఏడ్చింది.

నిషేధం ముగిసే ముందు రోజు అప్పలరాజుకి అన్నం సయించలేదు. పదిహేను రోజులు సముద్రం మీద ఉంటే కట్టు ఎవరు కడతారు? కాలు మళ్ళీ మొదటికొస్తే?

"ఈసారికి మానేత్తాను. నా కింద పనిసేసే అబ్బులు నడుపుతాడు బోటు."

నూకాలు అతని చేతిలోంచి బ్యాండేజీ లాక్కుంది. మెడ దగ్గర రాసుకుంది, కడుపునిండా ఊపిరి తీసింది, గజ్జలు, తొడ, పాదం అయ్యాయి. దూది పరిచి కట్టు చుట్టింది. ఎక్కడా ముడత లేదు. అతని కట్టుకన్నా బాగుంది, అతనే ఒప్పుకున్నాడు.

"రెండు నెల్లు నువ్వు కడతంటే నాను కళ్ళు మూసుకున్నాననుకున్నావేటి మావా?"

మర్నాడు జెట్టీ మీద పసుపూ కుంకుమా, కొబ్బరికాయలూ, కేకలూ. ఆ జనంలోంచి నూకాలు నడిచొచ్చింది. కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుంది, కట్టు కనిపిస్తోంది. ఎవరో చూశారు, చూడనీ అనుకుంది. ఇనుప దిమ్మ దగ్గర వంగి, హార్బరంతా ఊడదని చెప్పుకునే ఆ ముడిని మునుపట్లాగే రెండు లాగుల్లో విప్పి తాడు బోటులోకి విసిరింది.

"పాదంకాడ బిగువు, పైన వదులు! నాకు తెలుసు గానీ, ఎల్లు!"

ఇంజను స్టార్టయింది. అప్పలరాజు నాలుగేళ్ళ తరవాత వెనక్కి తిరిగి చూశాడు. గట్టు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు, చుక్కాని అబ్బులు పట్టాల్సి వచ్చింది.