రొయ్యల గుంటల మధ్య ఒక గుడిసె దాకా

విజయవాడలో ఒంటరిగా ఉంటున్నాను. సెలవు రోజుల్లో కూరగాయల బండి దగ్గర తప్ప నోరు విప్పే అవసరం రాదు. నాతో చదువుకున్న ఎస్తేరు అల్లూరు పక్క పల్లెల్లో ఆశా కార్యకర్త. "ఒక్కదానివే ఆడేం చేస్తావు? వచ్చి నాతో తిరుగు" అని ఫోన్ చేస్తే, రెండో శనివారం తెల్లవారుజామున రైలెక్కాను. బిట్రగుంటలో దిగి, షేర్ ఆటోలో నలభై రూపాయలకి అల్లూరు చేరేసరికి పదకొండు దాటింది. ఎస్తేరు స్కూటీతో ఎదురుచూస్తోంది.

వరి పొలాలు దాటాక తారురోడ్డు అయిపోయింది. అక్కణ్ణుంచి సముద్రం దాకా రొయ్యల గుంటలే. మేం వెళ్లేది భర్తతో కలిసి గుంటల కాపలాకి ఉంటున్న రమణమ్మ (పేరు మార్చాను) దగ్గరికి. రెండో కాన్పులో రక్తం బాగా పోయి ఆమె చావు అంచుదాకా వెళ్లొచ్చిందని, ఇప్పట్లో మళ్లీ గర్భం రాకూడదని డాక్టర్ చెప్పారని ఎస్తేరు దారిలో చెప్పింది. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌కి భర్త ఒప్పుకున్నాడు. రమణమ్మే తేల్చడం లేదు.

గట్టు చివర ఒకటే గుడిసె. నీళ్లు చిలికే యంత్రాల మోత తప్ప మనిషి అలికిడి లేదు. రమణమ్మ చంటిదాన్ని చంకనేసుకుని ఎదురొచ్చింది. రొయ్యల పులుసుతో అన్నం పెట్టింది. ఇంజెక్షన్ మాట ఎత్తగానే, "ఆలోచించి చెప్తాలే అక్కా" అంది.

"సూదంటే భయమా?" ఎస్తేరు అడిగింది.

"భయం కాదు."

"మరేంది?"

రమణమ్మ చంటిదాన్ని ఒళ్లో సర్దుకుంది. "సరే అంటే నీ పని అయిపోతుంది. ఇంక ఈడికెందుకొస్తావు? ఆయన పొద్దస్తమానం గుంటల కాడే. నువ్వు గాక నాతో మాట్లాడేదానికి ఇంకెవరొచ్చినారక్కా?"

ఎస్తేరు ముద్ద కలపడం ఆపేసింది. "పిచ్చిదానా! దీనికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? సోమవారం నేనే వచ్చి ఆసుపత్రికి తీసకపోతా. ఆ తర్వాతా వస్తా. పని లేకపోయినా వస్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

తిరుగు రైల్లో, పని లేకపోయినా మా ఇంటికి వచ్చేవాళ్లెవరా అని ఆలోచించాను. ఒక్క పేరూ తట్టలేదు. సోమవారం సాయంత్రం ఎస్తేరు ఫోన్ చేసింది. డాక్టర్ పరీక్ష చేసి ఇంజెక్షన్ ఇచ్చారట. "పోతా వస్తా దారి పొడుగునా మాట్లాడతానే ఉండిందే" అని నవ్వింది. గురువారం ఊరికే మళ్లీ వెళ్లొచ్చానని ఆ తర్వాత ఇంకోసారి ఫోన్‌లో చెప్పింది.

అటు వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. చీకటి పడితే అల్లూరు నుంచి షేర్ ఆటోలు దొరకవు. పొద్దున్నే బయల్దేరండి. ఎవరైనా అన్నం పెడితే, తిన్న వెంటనే లేవకుండా కాసేపు కూర్చోవచ్చు.