ఊరుకుంటే ఔననుకున్నాం

మా వీధి మొదట్లో, ఇస్త్రీ బండి దాటగానే వచ్చే రెండు గదుల వాటాలో కోటిలింగంగారు ఉంటారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక, రైల్వే క్వార్టరు వదిలి, కూతురు నీలవేణితో అదే ఊళ్ళోని మలంచాకు వచ్చారు. ఎదురింటిదాన్ని కాబట్టి ఆయన్ని అన్నయ్యగారూ అని పిలుస్తాను. నేను పది మాటలు మాట్లాడితే ఆయన ఒక నవ్వు నవ్వి ఊరుకుంటారు. ఎండాకాలమంతా ఇస్త్రీ బండి అతనికి చెంబుతో మజ్జిగ పోయించేది ఆయనే. ఈ మాట కూడా ఆ అతను చెబితేనే నాకు తెలిసింది.

రెండేళ్ళ కిందట ఆయన మూత్రపిండాలు పాడయ్యాయి. రైల్వే ఆసుపత్రివాళ్ళు మలంచా రోడ్డు మీద ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి రాసిచ్చారు. సోమవారం, గురువారం పొద్దున్నే వెళ్ళి మిషను పక్కన పడుకోవాలి. ఒంట్లో నిలిచిన నీరు, చెడు అన్నీ అదే తీసేస్తుంది. ఒక్క వరస తప్పితే మనిషికి ఊపిరాడదు. అందుకని ఆ ఆసుపత్రి కంప్యూటర్‌లో ఎవరి వరస ఎప్పుడో ముందే ఎక్కించి ఉంచుతారు. తెరమీద పేరుంటేనే మంచం.

ఆ కంప్యూటర్ పని చూసేది ప్రేమ్ బజార్‌లో, ఒక భోజనం హోటలు మేడమీద ఉన్న చిన్న ఆఫీసు. చక్రధర్ అనే కుర్రాడు నడుపుతున్నాడు. నీలవేణి ఉద్యోగం అక్కడే. ఏం ఉద్యోగమమ్మా అని ఒకసారి అడిగితే ఓపిగ్గా చెప్పింది. ప్రోగ్రాములు రాయడం ఇప్పుడు చాలావరకు ఏఐ అసిస్టెంటే చేస్తుందట. దానికి తెలివి ఉంది గాని, ఏది ముందు, ఏది వెనక అన్నది మనం చెప్పాలట. అలా మెట్టు మెట్టుగా పని వరస రాసిపెట్టడమే నీలవేణి పని. "కొత్త కోడలికి వంటిల్లు అప్పజెప్పినట్టు, అత్తయ్యా," అంది. ముందు ఉన్నదంతా చదువు. ఏం చెయ్యబోతున్నావో చెప్పు. చేసేముందు అడుగు. చేశాక సరిగ్గా ఉందో లేదో చూసుకో. చూసి, ఏం చేశావో చెప్పు. వినడానికి నాకు పూజావిధానంలా అనిపించి ముచ్చటేసింది.

నీలవేణిది జాలిగుండె. అదే మిషనుకు వచ్చే, సొంత ఫోను లేని ముసలివాళ్ళకు ఆసుపత్రిలో తన నంబరే ఇచ్చింది. తండ్రికి సరే, వీధి చివరి ఎస్తేరమ్మకూ, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో కొడుకు క్వార్టర్‌లో ఉండే నూకరాజుకూ అదే నంబరు. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ముగ్గురికీ తనే కబురు చేసేది.

మొన్న శుక్రవారం సాయంత్రం లలితా పారాయణ అయ్యాక, ప్రసాదం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కోటిలింగంగారు గోడకు దిండేసుకుని కూర్చుని ఉన్నారు. ముఖం ఉబ్బినట్టు కనిపించింది. నిన్న మిషనెక్కిన మనిషి ఇవాళ తేలిగ్గా ఉండాలి కదా అని మనసులో అనుకున్నానే గాని, పైకి అడగలేదు. నీలవేణి అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

అంతలో నూకరాజు వచ్చాడు. చెప్పులింకా విడవకుండానే గుమ్మంలోంచి మొదలుపెట్టాడు.

"ఏటమ్మా నీలవేణీ, మీ నాన్న నిన్న అలాగ తిరిగొచ్చీసినాడేటి? మా ఇద్దరి పేర్లూ లేవన్నారు. నాను బల్ల గుద్ది అరిసినాను, బెంగాలీలోనూ అరిసినాను, ఒరియాలోనూ అరిసినాను. నా నోటికి బయపడి కూకోబెట్టినారు. ఈ మావ మాత్రం ఒక్క మాట అన్లేదు. సంచీ తీసుకుని ఎల్లిపోనాడు."

నీలవేణి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నిన్న సాయంత్రం ఆ పిల్ల తండ్రిని అడగడం నేను విన్నాను. "అయిందా నాన్నా?" అంటే ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. అయిందనుకుని అది అన్నం వడ్డించింది. ఇంత ఘోరాన్ని ఆ మనిషి లోపలే పెట్టుకుని రాత్రంతా పడుకున్నారా?

"నేనడిగాను కదా నాన్నా," అంది నీలవేణి. "ఊరుకున్నావు కదా."

"ఊరుకున్నాను," అన్నారాయన, మాటకీ మాటకీ ఊపిరి తీసుకుంటూ. "అయిందన్లేదు గదమ్మా."

ఆ ఇంట్లో ఆయన ఔననడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆయన భార్య, మా గౌరి వదిన, బతికున్నప్పుడూ అంతే. పండక్కి ఏం వండమంటారన్నా, పిల్లను కాలేజీలో వేద్దామన్నా, ఆయన వద్దనకపోతే సరేనని. మా రైల్వే ఇళ్ళలో పెద్దవాళ్ళందరూ దాదాపు ఇంతే. అడగడం మన మర్యాద, ఊరుకోవడం వాళ్ళ మర్యాద. కౌంటరు దగ్గర కూడా అదే జరిగిందని నూకరాజు చెప్పాడు. సోమవారం రండి దాదూ, పరవాలేదా అని కౌంటర్లో కూర్చునే అమ్మాయి అడిగిందట. ఈయన ఊరుకున్నారట. పరవాలేదు కాబోలు అనుకుందట.

ముందు మనిషిని తీసుకెళ్ళాలి. నేను టోనీని కేకేశాను. మా వీధిలోనే ఆటో నడుపుతాడు. అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి తుడుచుకుంటూనే వచ్చి, అన్నయ్యగారిని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. నీలవేణి ఒక చేత్తో తండ్రిని పట్టుకుని, రెండో చేత్తో చక్రధర్‌కు ఫోను చేసింది. పేర్లెలా పోయాయో చూడమంది. రోడ్డు చప్పుడులో వినపడక స్పీకర్ పెట్టింది. అందుకని నేనూ విన్నాను.

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ అబ్బాయి తెరమీద ఉన్నదాన్ని ఒక్కొక్క ముక్కా చదివాడు. బుధవారం ఆసుపత్రి జాబితాలో ఒకే మనిషి పేరు రెండుసార్లు పడి ఉంటే సరిచెయ్యమని అసిస్టెంటుకు పని అప్పగించాడు. అది చదివింది. ఒకే ఫోన్ నంబరు మీద ముగ్గురున్నారు, ఒక్కరినే ఉంచి మిగతావి తీసెయ్యనా అని అడిగింది. పద్ధతిగానే అడిగింది. అప్పుడు చక్రధర్ కింద భోజనానికి వెళ్ళాడు. కాసేపు చూసి అది ఎస్తేరమ్మ పేరు ఉంచి, తక్కిన రెండూ తీసేసింది. దాని కింద రాసి పెట్టిందట: ఎవరూ వద్దనలేదు కాబట్టి కొనసాగించాను.

నీలవేణి ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దంటే ఆగు అని రాశాను," అంది. నాతో అందో, తనలో తను అనుకుందో తెలియదు. "చేసేముందు అడుగు, వద్దంటే ఆగు. అంతే రాశాను అత్తయ్యా. ఏమీ అనకపోతే ఏం చెయ్యాలో రాయలేదు. రాయాలని తోచనే లేదు."

తోచదు. ఊరుకోవడమంటే ఔననడమేనని పుట్టినప్పటినుంచి చూసిన పిల్లకు ఎలా తోస్తుంది? నలుగురికి ఉపకారమని ఇచ్చిన ఫోన్ నంబరు, మర్యాదని నేర్చుకున్న అలవాటు, రెండూ కలిసి కన్నతండ్రి ఊపిరి మీదికొచ్చాయి. భగవంతుడా, మంచిలో కూడా ఇలాంటిది ఉంటుందా అనుకున్నాను.

ఆసుపత్రిలో ఆఖరి వరస మొదలుపెడుతున్నారు. మంచాలన్నీ నిండాయి. ఒక మిషను చెడిపోయి మూల ఉంది. నర్సు అన్నయ్యగారి కాళ్ళు నొక్కి చూసి, పెద్ద డాక్టరుకు ఫోను చెయ్యడానికి పరిగెత్తింది. ఎక్కడికైనా పంపాలంటే దూరం, అంతసేపు ఈయన ఆగలేరు. ఆ మాట మా ముందు ఎవరూ అనలేదు గాని, నర్సు నడకలోనే తెలిసిపోయింది.

చివరి మంచం పక్కన ఒకావిడ అప్పుడే చెప్పులు విప్పుతోంది. మాలతి దీదీ అంటారు. చిన్నపిల్లల బడిలో టీచరు. అన్నయ్యగారికేసి చూసి, విప్పిన చెప్పుల్లో మళ్ళీ కాళ్ళు పెట్టింది.

"ఆప్ని బోషున్ దాదా," అంది, మీరు కూర్చోండని మంచం చూపించి. తను రేపు పొద్దున్న వస్తానంది. డాక్టరు కూడా ఫోనులో ఆవిడ సంగతి కనుక్కుని, ఈ పూటకు పరవాలేదన్నాడు.

నర్సు గబగబా దుప్పటి మార్చింది. టోనీ ఆయన్ని ఎత్తబోయాడు. కోటిలింగంగారు మంచం పట్టె గట్టిగా పట్టుకుని, ఏమీ అనకుండా నిలబడ్డారు. పొద్దున్నయితే మేమందరం సరేననుకుని పడుకోబెట్టేసేవాళ్ళమే. నీలవేణి టోనీ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాన్నా, పడుకుంటావా? నోటితో చెప్పు."

ఆయన ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నర్సు గడియారం చూసింది. ఎవరూ ఆయన బదులు మాట్లాడలేదు.

"ఆ అమ్మని అడుగు," అన్నారు చివరికి. "నలుగుర్లో అనీసింది గాని, ఆవిడికి ఇబ్బందేటో."

నీలవేణి బెంగాలీలో అడిగింది. మాలతి దీదీ వెంటనే జవాబివ్వలేదు. ఇబ్బంది ఉందని అంటుందా? అంటే ఏం చేస్తాం?

ఉందనే అంది. మనవరాలిని పొద్దున్నే బడికి దింపేది తనేనట, ఇంట్లో ఇంకెవరూ లేరట. రేపు ఆ పిల్లకు పరీక్ష.

"నేను దింపుతాను," అంది నీలవేణి.

మాలతి దీదీ నీలవేణి ముఖంలోకి చూసి, అయితే నాకు సమ్మతమే అంది. ఆ మాట స్పష్టంగా, ఆయనకు వినపడేలా రెండుసార్లు అంది.

"అయితే తొంగుంటాను," అన్నారు కోటిలింగంగారు.

మిషను తిరగడం మొదలయ్యాక చూస్తే ఆయన పెదాలకు మెల్లగా రంగు వచ్చింది. నేను బల్లమీద కూర్చుని సింహాద్రి అప్పన్నను తలుచుకుంటూనే ఉన్నాను. ఆలోపల చక్రధర్ పాత కాపీ నుంచి పేర్లు తిరిగి ఎక్కించి, ఇంకెవరి వరసైనా పోయిందేమోనని అన్నీ చూసి, ఎవరిదీ పోలేదని ఫోను చేశాడు. భోజనానికి వెళ్ళేముందు తను ఆ ప్రశ్న చూసుకోవలసిందని తప్పు తన మీద వేసుకున్నాడు. నీలవేణి ఒప్పుకోలేదు. కాసేపు ఇద్దరూ తప్పు నాదంటే నాదని వాదించుకున్నారు. పక్క మంచం ఆయన నిద్ర పట్టడం లేదని విసుక్కుంటే అప్పుడు ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న మాలతి దీదీ మనవరాలిని నీలవేణి సైకిలు మీద బడికి దింపింది. ఆ పిల్ల దారిపొడుగునా ఎక్కాలు అప్పజెప్పిందట. అటునుంచి అటే ఆఫీసుకు వెళ్ళి, అసిస్టెంటు పని వరసలో ఆ ఒక్క మెట్టు మార్చి రాసింది. అడుగు. చెయ్యమని జవాబు వస్తేనే చెయ్యి. జవాబు రాకపోతే, ఎంతసేపైనా సరే, దేన్నీ ముట్టుకోకుండా ఆగు.

రాసి, సరిగ్గా ఉందో లేదో చూద్దామని దానికి ఒక చిన్న పని అప్పగించి, తండ్రికి గంజి ఇవ్వడానికి ఇంటికి వచ్చింది. ఎలా ఉంది నాన్నా అని అడిగి, గిన్నె పట్టుకుని నిలబడింది. ఆయన నన్ను చూశారు, కిటికీని చూశారు. ఆ పిల్ల కదల్లేదు. "బాగుంది, ఉప్పు లేదు గాని," అన్నారు. ఉప్పు వెయ్యకూడదని డాక్టరే చెప్పాడని నేను అంటే, తెలుసన్నారు.

మధ్యాహ్నం నీలవేణి ఆఫీసుకు తిరిగి వెళ్ళేసరికి చక్రధర్ టీకి కిందికి వెళ్ళి ఉన్నాడు. అసిస్టెంటు అడిగిన ప్రశ్న తెరమీద పెట్టినచోటే ఉంది. ఏదీ చెరపలేదు, ఏదీ మారలేదు. నీలవేణి కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ ప్రశ్న చివరిదాకా చదివి, అప్పుడు జవాబు రాసింది.